రెండున్నర కిలోలు, సెకనులో వందో వంతు

(ఒక వ్యాయామోపాధ్యాయుడి స్మారక ఉపన్యాసం అచ్చు ప్రతి)

కవుల పేరున, పండితుల పేరున, నాయకుల పేరున మన దగ్గర ఏటా స్మారక సభలు జరుగుతూనే ఉంటాయి. డ్రిల్లు మాస్టారి పేరున జరిగేవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తెల్లారకముందే బడి మైదానంలో సున్నంతో గీతలు గీసి, పిల్లల చేత పరుగులు తీయించి, వాళ్లు కప్పు గెలిచిన రోజు ఫొటోలో వెనక వరసలో ఒదిగి నిలబడే మనిషి ఆయన. అలాంటి మాస్టారి పేరున ఏర్పాటైన సభలో పతకాల జాబితా చదవడం సబబు కాదు. ఆయనకు బాగా తెలిసినదీ, పేపర్లో రానిదీ మరొకటుంది. ఒక పోటీలో ఫలితం తేలిన క్షణం నుంచి మళ్లీ గీత దగ్గర నిలబడేదాకా ఆటగాళ్ల లోపల నడిచే పోరు అది. గెలవాలన్న ఆశా, ఎంత చేసినా చేతికి అందడం లేదన్న ఉక్రోషమూ అక్కడ ఒకదాన్నొకటి తోసుకుంటాయి. చుట్టూ ఉన్నవాళ్లు మోపే బరువు వాటికి తోడవుతుంది.

తెలుగు నేల మీద పుట్టిన కొందరి జీవితాల్లో ఆ పోరును దగ్గరగా చూడాలన్నది ఈ ఉపన్యాసం ఉద్దేశం. చెప్పదలచుకున్నది ముందే చెప్పుకుంటే మంచిది. ఆశ పెద్దదైనంత మాత్రాన ఆటగాళ్లు దెబ్బతినరు. ఆ ఆశను అత్యాశ అన్నప్పుడు, అది తీరక రగిలే అసంతృప్తిని సిగ్గుపడాల్సిన విషయంగా మార్చినప్పుడు దెబ్బతింటారు. ఆ మార్చే పనిలో మనందరికీ చేయి ఉంది.

2000 సెప్టెంబర్ 19, సిడ్నీ. ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్‌కు ఒలింపిక్స్‌లో చోటు దక్కిన మొదటి ఏడు అదే. 69 కిలోల విభాగంలో కరణం మల్లీశ్వరి ఆఖరి లిఫ్టుకు సిద్ధమవుతోంది. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట అమ్మాయి. నీలంశెట్టి అప్పన్న దగ్గర బరువులెత్తడం నేర్చుకుని, 1994లోనూ 1995లోనూ 54 కిలోల విభాగంలో ప్రపంచ చాంపియన్ అయింది. అప్పటికి ఒలింపిక్స్‌లో ఆమె ఆటే లేదు. 1996లో అట్లాంటా క్రీడలు జరుగుతుంటే ప్రపంచ చాంపియన్‌గా నిలిచిన మనిషి బయటే ఉండిపోవాల్సి వచ్చింది. సిడ్నీ నాటికి ఆమె విభాగం మారింది, పెళ్లయి హర్యానాలోని యమునానగర్ చేరింది, వయసు పాతికేళ్లు. ఆమె ఎంపికే తప్పంటూ పత్రికల్లో రాతలు వచ్చాయి.

వెయిట్‌లిఫ్టింగ్ చూసే అలవాటు లేనివారికి అక్కడి లెక్క కొంచెం చెప్పాలి. స్నాచ్‌లో మూడు, క్లీన్ అండ్ జెర్క్‌లో మూడు; ఒక్కొక్కరికీ ఆరే ప్రయత్నాలు. బార్ మీద బరువు పెరగడమే తప్ప తగ్గదు. తక్కువ బరువు అడిగినవాళ్లు ముందు ఎత్తాలి, ఎక్కువ అడిగినవాళ్లు తర్వాత. అందుకే ప్లాట్‌ఫాం వెనక కోచ్‌లు ఎదుటివాళ్లు ఎంత అడుగుతున్నారో గమనిస్తూ తమ అంకె మారుస్తుంటారు. ఆ రోజుల్లో బరువు రెండున్నర కిలోల చొప్పున పెరిగేది. మల్లీశ్వరి స్నాచ్‌లో 110 ఎత్తింది. క్లీన్ అండ్ జెర్క్‌లో 125, ఆ తర్వాత 130. మొత్తం 240. చైనా లిఫ్టర్ లిన్ వీనింగ్, హంగరీ లిఫ్టర్ మార్కుష్ ఇద్దరివీ 242.5. ఒంటి బరువు తక్కువ కాబట్టి లిన్‌ది పైచేయి. మల్లీశ్వరికి ఒక్క ప్రయత్నం మిగిలింది. ఆమె పేరున 137.5 అడిగారు.

అంటే తన ఒంటి బరువుకు దాదాపు రెట్టింపు. బార్‌ను నేల మీంచి భుజాల మీదికి లాగాలి, కూర్చున్న భంగిమలోంచి దాంతోపాటు లేవాలి, ఒక్క ఊపిరి తీసుకుని మోకాళ్లు కాస్త వంచి తల మీదికి తోయాలి, చేతులు నిటారుగా ఉంచి కదలకుండా నిలబడాలి. అదంతా జరిగుంటే స్వర్ణం. జరగలేదు. కాంస్యం వచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారత మహిళ ఆమె. ఆ క్రీడల్లో దేశానికి వచ్చిన పతకం కూడా అదొక్కటే.

ఫలితాల పట్టిక చూసి కూడికలు వేసేవాళ్లకు ఇప్పుడు 135 చాలు కదా అనిపిస్తుంది. 110కి 135 కలిపితే 245, అదీ స్వర్ణమే. 132.5 ఎత్తినా పైనున్న ఇద్దరితో సమానమయ్యేది, ఒంటి బరువు చూసి స్థానం తేల్చేవారు. కాంస్యానికీ స్వర్ణానికీ మధ్య ఉన్న తేడా రెండున్నర కిలోలు. సంత నుంచి చేత్తో పట్టుకొచ్చే కూరగాయల సంచీ అంత. ఇలాంటి తేడాలు క్రీడాకారుల్ని నిద్రపోనివ్వవు. పది కిలోల తేడాతో ఓడితే ఎదుటివాళ్లు గొప్పవాళ్లని ఊరుకోవచ్చు. రెండున్నర కిలోల తేడాతో ఓడితే ఆ లిఫ్టును మనసులో మళ్లీ మళ్లీ ఎత్తుతూనే ఉండాలి.

137.5 అడగడం దురాశ అన్నవాళ్లు లేకపోలేదు. ఆ మాట అన్యాయం. తన ఆట ఒలింపిక్స్‌కు రాకముందే ప్రపంచాన్ని రెండుసార్లు గెలిచినామె మూడో స్థానం కోసం ప్లాట్‌ఫాం ఎక్కదు. ఏ అంకె అడగాలన్న విషయంలో ఆ వెనక గదిలో వేసిన లెక్కను తప్పు పట్టొచ్చు. ఆ లెక్క వెనకున్న ఆశను తప్పు పట్టకూడదు. ఆ రోజు ఆ బార్ మీద ఇనుప ప్లేట్లు మాత్రమే లేవు. అట్లాంటాలో లేని అవకాశం ఉంది, ఎంపిక మీద వచ్చిన రాతలున్నాయి, ఇది తప్పితే ఇంకొకటి దొరుకుతుందో లేదోనన్న భయం ఉంది. ఆ భయం నిజమే అయింది. 2001లో కొడుకు పుట్టాడు. తండ్రి చనిపోవడంతో 2002 కామన్వెల్త్ క్రీడలకు వెళ్లలేదు. 2004లో ఏథెన్స్ వెళ్లి పోటీ పూర్తి చేయలేకపోయింది. అక్కడితో ఆట ముగిసింది. 

ఇదే ఆటలో మణిపూర్ అమ్మాయి మీరాబాయి చానును చూస్తే ఈ సంగతి ఇంకా స్పష్టమవుతుంది. 2016 రియోలో ఆరు ప్రయత్నాల్లో ఒక్కటే చెల్లింది. పేరు పక్కన పోటీ పూర్తి చేయలేదని రాశారు. మరుసటి ఏడే ప్రపంచ చాంపియన్, టోక్యోలో రజతం. మళ్లీ 2024 పారిస్‌లో 199 కిలోలెత్తి నాలుగో స్థానం. కాంస్యం 200 దగ్గర ఆగింది. ఎనిమిదేళ్లలో అడుగు నుంచి పైకి వెళ్లి, ఒక్క కిలో దగ్గర నిలిచిపోయింది. ఒకసారి బయటపడిన మనిషికి ఆ పోరు అంతటితో తీరిపోతుందని ఎవరైనా అనుకుంటే, ఈ అంకెలు చూడాలి.

ఓటమికి ఎదురుగా ఒక మనిషంటూ ఉంటే, కోపం పెట్టుకోవడానికి ఒక చోటుంటుంది. విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజీకి చాలాకాలం అదీ లేకపోయింది. ఆమె ఓడింది గాలి చేతిలో, కాగితాల చేతిలో.

ఆడవాళ్ల 100 మీటర్ల హర్డిల్స్‌లో పది అడ్డంకులుంటాయి. మొదటిది 13 మీటర్ల దగ్గర, తర్వాత ప్రతి ఎనిమిదిన్నర మీటర్లకూ ఒకటి. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య మూడే అడుగులు. అడుగు కాస్త పొట్టిదైనా పొడుగైనా మిగిలిన హర్డిళ్లన్నీ లయ తప్పుతాయి. ఇందులో అనురాధా బిశ్వాల్ 2002లో నెలకొల్పిన 13.38 సెకన్ల జాతీయ రికార్డు ఏళ్ల తరబడి అలాగే ఉంది. 2020 జనవరిలో మూడబిద్రిలో జరిగిన అంతర్ విశ్వవిద్యాలయాల పోటీల్లో జ్యోతి 13.03లో పరుగెత్తింది. రికార్డుగా ఒప్పుకోలేదు, ఎందుకంటే అక్కడ డోప్ పరీక్ష జరగలేదు, అథ్లెటిక్స్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధి లేరు. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్ ఫెడరేషన్ కప్‌లో 13.09. ఈసారి అన్నీ ఉన్నాయి, గాలి ఎక్కువైంది. వెనక నుంచి వీచే గాలి సెకనుకు 2 మీటర్లు దాటితే రికార్డుకు పనికిరాదు. ఆ సాయంత్రం మీటర్ 2.1 చూపింది.

నియమం సరైనదే, అందులో వాదన లేదు. అయితే ఇరవై ఏళ్లు దాటిన ఒక అమ్మాయి మనసులో ఆ రాత్రి ఏం జరిగుంటుందో ఆలోచించాలి. తాను పరుగెత్తింది, గడియారం చూసింది, జనం చప్పట్లు కొట్టారు. తర్వాత ఒక యంత్రం మీద ఒక దశాంశం చూసి అదంతా లెక్కలోకి రాదన్నారు. కోచ్ మీద కోప్పడలేదు, ప్రత్యర్థి మీద కసి పెంచుకోలేదు, తనను తాను తిట్టుకోవడానికీ కారణం లేదు. ఉక్రోషానికి చిరునామా లేనప్పుడు అది ఒంట్లోకే దిగుతుంది. చాలామంది ప్రతిభావంతులు ఇలాంటి చోట చల్లగా ఆట మానేస్తారు. మానేసినవాళ్ల గురించి ఎక్కడా రాయరు కాబట్టి మనకు తెలియదు.

జ్యోతి నెల తిరిగేసరికి, 2022 మే 10న సైప్రస్‌లోని లిమస్సోల్‌లో 13.23లో పరుగెత్తి రికార్డు తీసుకుంది. లెక్కలోకి వచ్చిన ఆ పరుగు, లెక్కలోకి రాని రెండింటికన్నా నెమ్మదైనది. అయినా అదే చరిత్రకెక్కింది. ఆ రికార్డును ఆ నెలలోనే మళ్లీ మెరుగుపరిచింది.

ఆమె కథలో ఇంకా దగ్గరగా చూడాల్సిన ఘట్టం 2023 అక్టోబర్ 1న హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల ఫైనల్. తుపాకీ పేలకముందే చైనా అమ్మాయి వూ యాన్నీ బ్లాకుల్లోంచి కదిలింది. ఆ కదలిక చూసి పక్కనున్న జ్యోతి కూడా లేచింది. అధికారులు జ్యోతికీ ఎర్రకార్డు చూపారు. స్టేడియం నిండా చైనా ప్రేక్షకులు. ఆమె కదల్లేదు. రీప్లే చూడమని అక్కడే ట్రాక్ మీద నిలబడి వాదించింది. చాలాసేపటి తర్వాత ఇద్దరినీ పరుగెత్తమన్నారు. గుండె గొంతులో కొట్టుకుంటుండగా, ఆ వాదనలోని కోపం చల్లారకుండానే, మూడడుగుల లయలో పది హర్డిళ్లు దాటాలి. 12.91లో మూడో స్థానం; వూ మీద తర్వాత వేటు పడటంతో రజతం. ఆ రోజు ఆమె చేసిన గొప్ప పని పరుగు కాదనిపిస్తుంది. వాదించాల్సిన చోట తల వంచకుండా వాదించి, వెంటనే ఆ వాదనను పక్కన పెట్టి బ్లాకుల్లో కాళ్లు పెట్టగలగడం. కోపం అణుచుకోమని ఆడపిల్లలకు చెప్పే మన ఇళ్లలో ఆ దృశ్యాన్ని ఒకసారి కూర్చోబెట్టి చూపించాలి.

అంత చేసినా అంకెలు ఆమెతో మెత్తబడలేదు. పారిస్ ఒలింపిక్స్‌కు నేరుగా అర్హత సాధించాలంటే 12.77లో పరుగెత్తాలి. ఆమె 2023 ఆగస్టులో చెంగ్డూలో 12.78 చేసింది. 2024 మేలో ఫిన్లాండ్‌లో మళ్లీ 12.78. సెకనులో వందో వంతు, రెండుసార్లు. చివరికి ర్యాంకింగ్ మీద పారిస్ వెళ్లి, ఆ పోటీలో పాల్గొన్న తొలి భారత మహిళ అయింది. హీట్స్‌లో ఏడో స్థానం, రెండో అవకాశంలోనూ ముందుకు వెళ్లలేదు. 2025లో గుమీలో ఆసియా టైటిల్ నిలబెట్టుకుంది. ఆ వేసవిలోనే మోకాలి లిగమెంట్ తెగింది.

ఇక సింధు. పూసర్ల వెంకట సింధు గురించి తెలుగువాళ్లకు కొత్తగా చెప్పేదేముందని అనిపించవచ్చు. నిజానికి ఆమె విషయంలోనే మనం ఎక్కువ పొరబడ్డాం.

2016 ఆగస్టు 19న రియో ఒలింపిక్స్ బ్యాడ్మింటన్ ఫైనల్లో కరోలినా మారిన్ చేతిలో 21-19, 12-21, 15-21తో ఓడి రజతంతో వచ్చింది. శంషాబాద్ నుంచి గచ్చిబౌలి స్టేడియం దాకా పైకప్పు లేని బస్సులో ఊరేగింపు. తెలంగాణ ప్రభుత్వం ఐదు కోట్లు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మూడు కోట్లు ప్రకటించాయి. ఆంధ్రప్రదేశ్ డిప్యూటీ కలెక్టర్ ఉద్యోగమూ ఇచ్చింది. అప్పటికి ఆమె వయసు ఇరవై ఒకటి. వెండిని బంగారంలా నెత్తిన పెట్టుకున్న ఆ జనమే రెండేళ్లు తిరక్కుండా ‘సింధు ఫైనల్లో గెలవలేదు’ అనడం మొదలుపెట్టారు.

అందుకు ఆధారాలుగా చూపినవి నిజమైన ఓటములే. 2017 ఆగస్టులో గ్లాస్గో ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్, నొజోమి ఒకుహరాతో 110 నిమిషాలు. ఒక్క ర్యాలీలోనే 73 షాట్లు. ఆ ర్యాలీ చూసినవారికి గుర్తుంటుంది, పాయింటు అయ్యాక ఇద్దరూ నిలబడలేని స్థితిలో ఉన్నారు. మూడో గేమ్ 20-22తో పోయింది. ఆ డిసెంబర్‌లో దుబాయ్‌లో యమగుచి చేతిలో మూడో గేమ్ 19-21. 2018 మొత్తం అదే వరస: ఇండియా ఓపెన్, గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో సైనా నెహ్వాల్ చేతిలో, థాయ్‌లాండ్‌లో, నాన్‌జింగ్ ప్రపంచ పోటీల్లో మళ్లీ మారిన్ చేతిలో, జకార్తా ఆసియా క్రీడల్లో తై జు యింగ్ చేతిలో. అన్నీ ఫైనల్సే.

ఆ జాబితా చెప్పేటప్పుడు ఎవరూ చెప్పని సంగతులు కొన్నున్నాయి. రియో తర్వాత మూడు నెలలకే ఆమె చైనా ఓపెన్ గెలిచింది. 2017లో ఢిల్లీ ఇండియా ఓపెన్ ఫైనల్లో ఓడించింది ఎవరినో కాదు, మారిన్‌ను. గ్లాస్గోలో 110 నిమిషాలు ఆడి ఓడిన మూడు వారాలకు సియోల్ వెళ్లి కొరియా ఓపెన్ ఫైనల్లో అదే ఒకుహరాను మూడు గేముల్లో ఓడించింది. ఫైనల్ అంటే వణికే మనిషి మూడు వారాల్లో ఆ పని చేయగలదా? పెద్ద టోర్నమెంట్ ఆఖరి రోజుదాకా ప్రతిసారీ వెళ్తున్నందుకే ప్రతిసారీ ఆఖరి రోజు ఓడే అవకాశం ఆమెకు దక్కింది. మొదటి రౌండ్లో ఇంటికొచ్చేవాళ్లను ఫైనల్లో ఎందుకు గెలవరని ఎవరూ అడగరు.

సింధును మాత్రం అడుగుతూనే ఉన్నారు. విమానాశ్రయంలో, సన్మాన సభల్లో, టీవీ స్టూడియోల్లో. ఒకే ప్రశ్న రెండేళ్లు వింటే ఎంత గట్టి మనిషైనా లోలోపల దాన్ని తనను తానే అడగడం మొదలుపెడుతుంది. 18-18 దగ్గర నెట్ మీదుగా డ్రాప్ వేయాలా, వెనక్కి లేపాలా అన్న నిర్ణయానికి అర సెకను కూడా ఉండదు. ఆ అర సెకనులోకి పదిమంది వేసిన ప్రశ్న దూరితే చేయి బిగుసుకుంటుంది. ఆటగాళ్ల మీద ఒత్తిడి అంటే గాల్లో తేలే మాట కాదు. ఇలా మణికట్టులో కనిపిస్తుంది.

2018 డిసెంబర్‌లో గ్వాంగ్‌ఝౌ వరల్డ్ టూర్ ఫైనల్స్‌లో ఒక్క మ్యాచ్ ఓడకుండా టైటిల్ గెలిచింది. ఫైనల్లో ఎదురుగా ఉన్నది ఒకుహరాయే. 2019 ఆగస్టు 25న బాసెల్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్, మళ్లీ ఒకుహరా. 21-7, 21-7. నలభై నిమిషాలు కూడా పట్టలేదు. పదేపదే ప్రశ్నలడిగినవాళ్లకు రాకెట్‌తో జవాబు చెప్పాలనుకున్నానని ఆ గెలుపు తర్వాత ఆమె అంది. చాలామందికి ఆ మాట నచ్చింది. దాన్ని వింటే బాధ కూడా కలగాలి. ప్రపంచ చాంపియన్ అయిన గంటలో, ఆ ఆనందంలో మొదట గుర్తొచ్చింది మనం వేసిన ప్రశ్న.

సింధు కథలో అందరూ తప్పక తెలుసుకోవాల్సిన సంగతి టోక్యోలో జరిగింది. 2021లో అక్కడ సెమీస్‌లో తై జు యింగ్ చేతిలో ఓడి, మర్నాడు హీ బింగ్‌జియావోపై గెలిచి కాంస్యం తెచ్చుకుంది. తై ఫైనల్లో చెన్ యూఫే చేతిలో ఓడింది. ప్రపంచ నంబర్ వన్‌గా ఏళ్లు గడిపిన తైకి అది దాదాపు ఆఖరి ఒలింపిక్ ఆశ. పతకాల వేడుక అయ్యాక సింధు పరుగున వచ్చి తన ముఖాన్ని చేతుల్లోకి తీసుకుని, నీకెంత కష్టంగా ఉందో నాకు తెలుసు, ఇవాళ నీ రోజు కాదంతే అని ఓదార్చిందనీ, అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు అప్పుడు వచ్చేసిందనీ తై స్వయంగా రాసుకుంది. ఆ మాట చెప్పగలిగేది ఫైనల్స్ ఓడిన మనిషే. మన ప్రశ్నలు తొలిచిన గాయంలోంచి సింధు ఇంకొకరికి ఓదార్పు తీసి ఇవ్వగలిగింది. మనం ఆమెకు అలాంటిది ఇవ్వలేదు.

ఆమె గురువు పుల్లెల గోపీచంద్ ఇవ్వాలని చూశాడు, తన పద్ధతిలో. రియోకు ముందు మూడు నెలలపాటు సింధు ఫోను తన దగ్గర పెట్టుకున్నాడు, ఐస్‌క్రీమ్ మానిపించాడు. అది మరీ కఠినమని కొందరన్నారు. ఆయన ఆ పని ఎందుకు చేశాడో ఆయన జీవితం చూస్తే అర్థమవుతుంది. 1994లో మోకాలి లిగమెంట్ తెగి, శస్త్రచికిత్సలు చేయించుకుని, ఇక ఆడలేడన్నవాళ్ల మధ్య తిరిగి ఆడాడు. సిడ్నీ ఒలింపిక్స్‌లో పతకం దాకా వెళ్లలేక, ఆరు నెలలు తిరక్కుండా 2001 మార్చి 11న బర్మింగ్‌హామ్‌లో చెన్ హాంగ్‌ను 15-12, 15-6తో ఓడించి ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. బయటి చప్పుడు ఎంత చేటు చేస్తుందో తెలిసిన మనిషి కాబట్టే ఫోను తీసేసుకున్నాడు. అది పోటీ ముందు పనికొచ్చే ఉపాయం. పోటీ అయ్యాక ఫోను తిరిగిచ్చేయాలి కదా. అప్పుడు అందులోకి ఒక్కసారిగా వచ్చిపడే లక్షల మాటల సంగతేమిటన్నది ఇప్పటికీ తేలని ప్రశ్న.

కోనేరు హంపి ఆడే చదరంగంలో చప్పుడే ఉండదు. అక్కడి పోరు ఇంకా లోతున జరుగుతుంది. గుడివాడలో పుట్టి, తండ్రి అశోక్ ఉద్యోగం వదిలేసి తానే కోచ్‌గా మారితే, 2002లో పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయింది. అప్పటికి ప్రపంచంలో అంత చిన్న వయసులో ఆ హోదా తెచ్చుకున్న మహిళ లేదు. తండ్రి ఉద్యోగాన్ని పణంగా పెట్టి నేర్పిన ఆటలో పిల్ల ఓడితే ఆ ఓటమి ఎంతమందిదో ఊహించుకోవచ్చు. 2011లో టిరానాలో ప్రపంచ టైటిల్ కోసం హౌ యీఫాన్‌తో ఆడి ఒక్క గేమ్ కూడా గెలవలేకపోయింది. పదిహేనేళ్లకు ఖాయమనుకున్న కిరీటం ఇరవై నాలుగేళ్లకు చేజారింది. ఆ తర్వాత కాన్పు, రెండేళ్ల విరామం. 2019 చివర్లో మాస్కోలో ప్రపంచ ర్యాపిడ్ టైటిల్. 2024లో న్యూయార్క్‌లో తొలి రౌండ్ ఓడిపోయి, ఆట మానేద్దామా అనుకుంటున్న రోజుల్లో, అదే టైటిల్ రెండోసారి. 2025లో బటూమి ప్రపంచకప్ ఫైనల్లో పందొమ్మిదేళ్ల దివ్యా దేశ్‌ముఖ్ చేతిలో టైబ్రేక్‌లో ఓటమి. తనకన్నా సగం వయసున్న పిల్ల ఎదురుగా కూర్చున్నా హంపి అక్కడిదాకా వెళ్లిందంటే, పదిహేనేళ్ల నాటి ఆశ ముప్ఫై ఎనిమిదేళ్లకూ చావలేదన్నమాట. అలాంటి ఆశను గౌరవించడం మనకు ఇంకా అలవాటు కాలేదు. ముప్ఫై దాటిన ఆడమనిషి బోర్డు ముందు కూర్చుంటే ‘ఇంకా ఆడుతోందా’ అని అడుగుతాం.

బంగారం వచ్చేస్తే అంతా సర్దుకుంటుందన్న నమ్మకం కూడా సరైనది కాదు. బీజింగ్‌లో 2008 ఆగస్టు 11న దేశానికి తొలి వ్యక్తిగత ఒలింపిక్ స్వర్ణం తెచ్చిన షూటర్ అభినవ్ బింద్రా, ఆ గెలుపు తర్వాత తనను కమ్ముకున్న శూన్యం గురించి ఎన్నోసార్లు బాహాటంగా మాట్లాడాడు. ఏళ్లపాటు ఒకే గురి మీద కన్ను పెట్టినవాడికి గురి కొట్టేశాక ఎటు చూడాలో తెలియలేదు. 2021లో టోక్యోలో సిమోన్ బైల్స్ గాల్లో తన శరీరం ఎటు తిరుగుతోందో తెలియడం లేదని పోటీల నుంచి తప్పుకున్నప్పుడు, మన దగ్గరా చాలామంది పిరికితనం అన్నారు. గాల్లో దిశ తప్పిన జిమ్నాస్ట్ మెడ మీద పడితే ఏమవుతుందో తెలిసిన వ్యాయామోపాధ్యాయులు మాత్రం ఆ మాట అనలేదు.

ఇప్పుడు మన బడుల సంగతి. హకీంపేట లాంటి క్రీడా పాఠశాలల్లో నాలుగో తరగతిలోనే పిల్లలు చేరతారు. ఎనిమిది, తొమ్మిదేళ్ల వయసు. అమ్మానాన్నల్ని వదిలి హాస్టల్‌కు వచ్చిన రోజు నుంచీ ప్రతిదీ సెలక్షనే. జిల్లా జట్టుకు, రాష్ట్ర జట్టుకు, క్యాంపుకు. ఓడి వచ్చిన పిల్లకు భయం వేస్తోందని చెప్పుకోవడానికి ఎవరున్నారు? కోచ్ ఉన్నాడు. కాని రేపు జట్టును ఎంపిక చేసేది ఆ కోచే. నాకు భయంగా ఉంది సార్ అని చెప్పిన పిల్లను వచ్చే మీట్‌కు తీసుకెళ్తాడన్న నమ్మకం ఆ పిల్లకు లేదు. ఇంటికి ఫోన్ చేసి చెబుదామంటే అమ్మానాన్నలు అప్పో సప్పో చేసి షూలు కొన్నారు. స్నేహితులకు చెబుదామంటే పక్క లేన్‌లో పరుగెత్తేది వాళ్లే. అందుకని ఎవరికీ చెప్పదు. మడమ నొప్పి అంటుంది, కడుపు నొప్పి అంటుంది. చాలా మైదానాల్లో పోటీకి ముందురోజు వచ్చే కడుపు నొప్పులు ఇలాంటివే, అది చూసినవారందరికీ తెలుసు.

ఎంపికలో ఏ అధికారమూ లేని పెద్దమనిషి ఒకరు ప్రతి క్రీడా హాస్టల్‌లో ఉండాలి. అన్ని చోట్లా మానసిక నిపుణులు దొరక్కపోవచ్చు. దొరికిన చోట తప్పక పెట్టాలి. దొరకని చోట మాజీ ఆటగాళ్లున్నారు, రిటైరైన పీఈటీలున్నారు. వాళ్లకు కొన్ని రోజుల శిక్షణ ఇచ్చి, ఏది మామూలు దిగులో, దేనికి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలో తెలియజెప్పాలి. పిల్ల చెప్పినది కోచ్ చెవిన పడదన్న హామీ ఉండాలి. ఈ మాస్టారు బడిలో చేసిన పని దాదాపు ఇదే. ఆయన జట్టు ఎంపికల్లో కూర్చునేవారు కాదు. మీట్ నుంచి ఓడి వచ్చిన పిల్లలు బస్సు దిగగానే ముందు టిఫిన్ పెట్టించేవారు, ఎన్నో స్థానమని మర్నాడు అడిగేవారు.

ఈ స్మారక నిధి నిర్వాహకులకు ఒక మనవి. ఏటా జిల్లా పోటీల్లో మొదటి స్థానం వచ్చిన విద్యార్థికి నిధి వడ్డీ నుంచి బహుమతి ఇస్తున్నారు, అది కొనసాగాలి. దాంతోపాటు నాలుగో స్థానం వచ్చిన విద్యార్థికి ఒక ఏడాది శిక్షణకు వెళ్లివచ్చే బస్సు ఖర్చులు, షూలు ఇవ్వండి. గెలిచినవాళ్ల కోసం సంస్థలు, ప్రభుత్వాలు వస్తాయి. సెకనులో వందో వంతుతో ఆగిపోయినవాళ్లు ఆ వేసవి సెలవుల్లోనే ఆట మానేస్తారు. కాబట్టి ఆ డబ్బు ఏప్రిల్ లోపే చేతికందాలి, వేదిక మీద సన్మానం లేకుండా అందాలి.